చిడతల కింది ఊపిరి

వినుకొండ బస్టాండు దాటి కొండ వైపు పోయే బజారులో, ఎరువుల కొట్టుకీ టైలరు షాపుకీ మధ్య ఎనిమిదడుగుల వెడల్పు గది ఒకటి ఉండేది. పైన 'బాషా రికార్డింగ్ సెంటర్' అని బోర్డు. లోపల కూర్చునేది మాత్రం మొహిద్దీన్ బాషా కాదు, ఆయన కూతురు ఖుర్షిదా.

ఊళ్ళో ఆమె చెవులకి పేరుండేది. పాడైన క్యాసెట్టు తెచ్చిస్తే, టేపు రికార్డరులో పెట్టి నాలుగు క్షణాలు విని, "ఇది ఎండలో పెట్టారు, టేపు సాగింది" అనేది. లేకపోతే, "మీ ఇంట్లో టేపు రికార్డరు హెడ్డు పక్కకి తిరిగింది, క్యాసెట్టుకేం కాలేదు" అని తిరిగిచ్చేసేది. ఇంటికెళ్ళి చూసుకుంటే ఆమె చెప్పినట్టే ఉండేది. ఆ చెవులు ఆమెకి పుట్టుకతో వచ్చినవి కావు. పదేళ్ళ వయసులో తండ్రి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ క్యాసెట్టు తిప్పేవాడు.

"ఏం వినపడతాంది?"

"ఏం లేదు నాన్నా."

"ఖాళీ టేపుకి కూడా చప్పుడుంటది తల్లీ. ముందు అది పట్టుకో. అది తెలిస్తే పాటలో ఏం తేడా వచ్చినా తెలిసిద్ది."

అలా ఏళ్ళ తరబడి నేర్పాడు. తొంభై ఎనిమిదిలో ఆయన ఆరోగ్యం తగ్గి, కౌంటరు వెనక కుర్చీలో ఊరికే కూర్చునే రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో ఖుర్షిదాకి పని చేస్తున్నంతసేపూ వెనక నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వినిపించేది. టేపు డెక్కులో బెల్టు అరిగిందనుకుంది. కొత్త బెల్టు వేసింది. చప్పుడు పోలేదు. నూనె చుక్క వేసి చూసింది, ఇంకో బెల్టు మార్చింది. మూడో నెలలో మొహిద్దీన్ బాషా చనిపోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక కొట్టు తెరిచి, డెక్కు ఆన్ చేస్తే ఏ ఈలా లేదు. ఖుర్షిదా ఆ పూట కొట్టు మూసేసి ఇంటికెళ్ళిపోయింది. భర్త గఫూర్‌కి కూడా కారణం చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి.

ఎదురుగా మేడ మీద శ్రీకృష్ణ అనే కుర్రవాడు కంప్యూటర్ సెంటరు పెట్టాడు. నరసరావుపేటలో డిగ్రీ చదివి వచ్చాడు. ఖుర్షిదాని 'అక్కా' అనేవాడు. ఇద్దరూ పోటీ పడకుండా కలిసే పని చేసుకున్నారు. ఆమె కొట్టు వెనక గదిలో గోడలకి బొంతలు కొట్టి రికార్డింగు గది ఉంది. అక్కడ పాడించి, మైకు తీగని శ్రీకృష్ణ తెచ్చిన కంప్యూటరుకి కలిపేవాళ్ళు. పాట మొత్తంగా ఒక పెద్ద ఫైలుగా దాచేవాళ్ళు. దాన్ని నొక్కి చిన్నది చేస్తే ఎంపీత్రీ అయ్యేది. ఒక్క సీడీలో నూట అరవై పాటలు పట్టేవి.

"అంత పాటని పదో వంతు చేస్తే మిగతాదంతా ఎక్కడికి పోయిద్ది?" అని అడిగింది ఖుర్షిదా మొదట్లోనే.

"మనిషి చెవి అన్నీ వినదక్కా" అన్నాడు శ్రీకృష్ణ. "కారం మిల్లు ఆడేటప్పుడు పక్కనోడు గొణిగితే వినపడిద్దా? పెద్ద చప్పుడు కింద చిన్న చప్పుడు మునిగిపోయిద్ది. వినపడందాన్ని దాచుకోవటం దేనికి? కంప్యూటరు దాన్ని ఏరి పారేసిద్ది. విన్నోడికి తేడా తెలియదు."

ఆమెకి ఆ మాట నచ్చలేదు. ఎవరికి వినపడదో కంప్యూటరు ఎట్లా తేలుస్తుంది? అయినా జనం సీడీలే అడుగుతున్నారు. ఊరుకుంది.

రెండు వేల మూడు జనవరి ఇరవయ్యారున, సెలవు రోజు, రాఘవమ్మ పాడటానికి వచ్చింది.

రాఘవమ్మది వినుకొండకి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. నలభై రెండేళ్ళు ఉంటాయి. పత్తి తీతల్లో, కలుపుల్లో పాడేది. ఆదివారం చర్చిలో పాడేది. ఆమె గొంతు ఎత్తితే నాలుగు చేలకి అవతల ఉన్న కూలీలు నడుం ఎత్తి చూసేవాళ్ళు. భర్త ఆదాం పక్కనే నిలబడి చిడతలు వేసేవాడు. రెండు చెక్కముక్కలు, వాటికి ఇత్తడి బిళ్ళలు. అతని చేతిలో అవి వాన కురిసినట్టు మోగేవి. అంతకు ముందు రెండు వేల ఒకటిలో ఖుర్షిదా వాళ్ళ పాటలు క్యాసెట్టు చేసింది. ఆ క్యాసెట్టు పల్లెపల్లెకీ పోయింది. ఇప్పుడు శ్రీకృష్ణ సీడీలో వేస్తానన్నాడు.

రాఘవమ్మ ఎనిమిది పాటలు పాడింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది, నీళ్ళు తాగింది. అప్పటికి రెండేళ్ళ నుంచి ఆమె నరసరావుపేట రోడ్డులో మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో పనిచేస్తోంది. ఆ షెడ్డు ఆడవాళ్ళంతా దగ్గుతారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక, మధ్యాహ్నం ఖుర్షిదా హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటలు వినసాగింది. మూడో పాట రెండో చరణం చివర ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. చరణం ముగిసి, రాఘవమ్మ ఊపిరి తీసుకునేచోట ఆదాం చిడతలు గలగలమన్నాయి. ఆ గలగల కింద, అడుగున, దారం లాగినట్టు సన్నటి ఈల.

ఖుర్షిదా ముందు చేసిన పని డెక్కు బెల్టు చూడటం. కంప్యూటరుకి బెల్టు ఉండదని ఆమెకి ఆ తర్వాత గుర్తొచ్చింది.

మిగిలిన పాటలన్నీ విన్నది. ప్రతి పాటలోనూ ఉంది. ఊపిరి లోపలికి పోయే ప్రతిచోటా ఉంది. ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఆదాం చిడతలూ ఉన్నాయి.

వారం తర్వాత సీడీ తయారైంది. ఖుర్షిదా అదే పాట, అదే చోట పెట్టుకుని విన్నది. చిడతలు మోగాయి. కింద ఏమీ లేదు. ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

"శ్రీకృష్ణా, ఇందులో ఒక చప్పుడు పోయింది."

"ఏం చప్పుడక్కా?"

చెప్పింది. అతను అసలు ఫైలు విన్నాడు, సీడీ విన్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"రెండూ ఒకటే. నీకట్టా అనిపించుద్ది అంతే. ఇది అసలు ఫైలని ముందే తెలుసు కాబట్టి వినపడతాంది. తెలియకుండా వింటే చెప్పలేవు."

"చెప్తాను."

"అయితే పందెం."

అతను నవ్వుతూనే అన్నాడు, ఆమె కూడా నవ్వుతూనే ఒప్పుకుంది. కానీ ఎరువుల కొట్టు చెంచురామయ్య ఆ మాట విన్నాడు. ఆయన చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా బజారంతా తిరుగుతుంది. ఆదివారం పొద్దున పదింటికి మేడ మీద పదిహేను మంది చేరారు. శ్రీకృష్ణ మానిటరు తన వైపు తిప్పుకుని, రాఘవమ్మ పాటలైతే ఆమెకి అలవాటేనని కొత్త సినిమా పాటలు తీసి, ఒక్కోదాన్నీ అసలుదీ నొక్కిందీ ఇష్టమొచ్చిన వరసలో పెట్టాడు. ఏది అసలు, ఏది నొక్కినదో ఆమె చెప్పాలి. ఇరవైసార్లు.

మొదటి ఐదింటిలో ఖుర్షిదా కళ్ళు మూసుకుని ధీమాగా చెప్పింది. ఆ తర్వాత గొంతులో ధీమా తగ్గింది. పన్నెండో దానికి వచ్చేసరికి ఆమెకి నిజంగా ఏమీ తెలియడం లేదు. రెండు పాటలూ ఒకే పాట. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటోంది. చివరికి శ్రీకృష్ణ కాగితం చూశాడు.

"పదకొండక్కా." అతని గొంతులో గెలుపేం లేదు, కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "ఊరికే కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా పది వస్తయ్యి."

"బాషా గారి కూతురి చెవులు కూడా మన చెవులేనయ్యా!" అన్నాడు చెంచురామయ్య. అందరూ నవ్వారు.

ఖుర్షిదా కూడా నవ్వి మెట్లు దిగింది. కొట్లోకి వచ్చి కూర్చుంది. వినపడిందని ఇన్నేళ్ళూ చెప్పినవన్నీ నిజంగా వినపడ్డవేనా? లేకపోతే తండ్రి పేరు నిలబెట్టాలని తనే అనుకుందా? మరి రాఘవమ్మ ఊపిరి కింద విన్నది ఎవరిది? ఐదేళ్ళ కిందట ఈ కుర్చీ వెనక విన్నదే మళ్ళీ వింటోందేమో. తండ్రి చప్పుడు ఆమె తలలోనే ఉండిపోయిందేమో.

ఆ అనుమానంతో ఆమె ఆరు వారాలు నోరు మూసుకుంది. రాఘవమ్మ షెడ్డుకి పోతూనే ఉంది. ఒకటి రెండుసార్లు బజారులో ఎదురుపడింది. "సీడీ బాగా వచ్చిందంటగా ఖుర్షిదమ్మా" అంది. "బాగా వచ్చిందక్కా" అంది ఖుర్షిదా. ఆ రెండుసార్లూ ఆమె రాఘవమ్మ మెడ వైపే చూసింది. బజారు రొదలో ఏమీ వినపడలేదు. వినపడకపోవడం కొంత నిమ్మళంగా కూడా అనిపించింది.

మార్చిలో ఒక శుక్రవారం, నమాజు నుంచి వచ్చిన గఫూర్ కొట్లో కూర్చుని భోజనం చేస్తున్నాడు. అతను టెంపో నడుపుతాడు. గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, తోలుతాడు. భార్య నెల రోజుల నుంచి సరిగా తినడం లేదని అతనికి తెలుసు.

"ఏమైందో చెప్పవే. పందెం ఓడిపోతే ఇంత దిగులా?"

ఆమె మొత్తం చెప్పింది. బెల్టుల సంగతి కూడా చెప్పింది. గఫూర్ చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"నాకు ఆ పాటల సంగతి తెలియదు. నువ్వు చెప్పే ఆ ఊపిరి ఒక్కటే పెడతా. అటు తిరుగు. నాణెం ఎగరేస్తా. బొమ్మ పడితే అసలుది, బొరుసు పడితే సీడీ. నేను ఒక్క ముక్క మాట్లాడను."

షట్టరు సగం దించారు. ఖుర్షిదా గోడ వైపు తిరిగి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మూడు క్షణాల ముక్క. చరణం చివర, చిడతలు, ఊపిరి.

"ఉంది."

నాణెం పడింది.

"లేదు."

"లేదు."

"ఉంది."

గఫూర్ మాట్లాడకుండా గోడ మీద పెన్సిలుతో గీతలు పెడుతున్నాడు. పదిహేనో దాని దగ్గర అతనికి చెమట పట్టింది. ఇరవై అయ్యాక ఖుర్షిదా ఇటు తిరిగింది. భర్త ముఖం చూసి అడగాల్సిన పని లేకపోయింది.

"ఒక్కటి కూడా తప్పలేదు" అన్నాడు.

గెలిచానన్న సంతోషం ఆమెకి కలగలేదు. తప్పయితే బాగుండునని ఇరవైసార్లూ అనుకుంది.

శ్రీకృష్ణని పిలిచారు. అతను నమ్మకుండానే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఖుర్షిదా అతని పక్కన కూర్చుని, "పాట వినబాక. చిడతలు వినబాక. వాటి కింద, ఊపిరి మొదలయ్యేచోట..." అంటూ సరిగ్గా ఆ చోట వేలితో బల్ల మీద తట్టింది. ఏడోసారో ఎనిమిదోసారో అతని కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకోసారి పెట్టుకున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు సినిమా పాటల్ని మెత్తగా నొక్కానక్కా, అందుకే నీకు తెలియలా. ఈ సీడీలో వేరేవాళ్ళ పాటలతో కలిపి నూట అరవై పట్టించాలని గట్టిగా నొక్కాను. చిడతలు పెద్ద చప్పుడు. దాని కిందది ఎవరికీ వినపడదని కంప్యూటరు తీసిపారేసింది." ఆమె వైపు తిరిగి అడిగాడు, "ఇదేంది? జబ్బా?"

"మా నాన్నకి ఇదే చప్పుడు."

మర్నాడు పొద్దున్నే ఖుర్షిదా షెడ్డుకి పోయింది. గేటు ముందే ఘాటు ముక్కులోకి కొట్టింది. లోపల రేకుల కింద ఎర్రటి రాశుల చుట్టూ నలభై యాభై మంది ఆడవాళ్ళు, మూతికి చీర చెంగులు చుట్టుకుని, కాయ కాయకీ తొడిమ విరుస్తున్నారు. గాల్లో ఎర్రటి దుమ్ము. ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. రాఘవమ్మ లేచి బయటికి వచ్చింది.

"అక్కా, నీ ఊపిరిలో ఈల ఉంది. గుంటూరు పోయి చూపించుకో."

రాఘవమ్మ ముందు నవ్వింది. "ఈ షెడ్డులో దగ్గని మనిషిని ఒక్కదాన్ని చూపించు ఖుర్షిదమ్మా, పోతాను."

"ఇది దగ్గు కాదక్కా. నువ్వు గాలి పీల్చేటప్పుడు వస్తాంది. పాటలో విన్నాను."

"పాటలోనా?" రాఘవమ్మ ముఖంలో నవ్వు పోయింది. చెయ్యి దానంతటదే గొంతు దగ్గరికి వెళ్ళింది. "పాట బాగాలేదా అయితే?"

ఆ సాయంత్రం ఆదాం కొట్టుకి వచ్చాడు. ఎత్తైన మనిషి, చర్చిలో పెద్ద. అతను అరవలేదు. తగ్గు గొంతుతోనే అన్నాడు.

"పాతికేళ్ళ నించి పక్కన నిలబడి తాళం ఏస్తన్నా. పండుకున్నప్పుడు పక్కన పండుకుంటన్నా. నాకు వినపడంది నీకు కొట్లో కూచుంటే వినపడిందా?"

"అన్నా, ఒక్కసారి ఇది పెట్టుకుని..."

"నా దగ్గర సీడీ ఉంది. నేనే ఇంటాలే."

అన్నట్టే విన్నాడు. పల్లెలో అందరినీ కూర్చోబెట్టి పెద్ద స్పీకర్ల మీద వినిపించాడు. "ఏదీ, ఎక్కడుంది ఈల? మీకు వినపడిందా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరికీ వినపడలేదు. వినపడే వీలే లేదు, ఆ సీడీలో అది లేదు. ఖుర్షిదా ఆ సంగతి చెప్పించడానికి గఫూర్‌ని పంపింది. అసలు ఫైలు ఒకటనీ, నొక్కింది ఇంకొకటనీ గఫూర్ చెప్పబోతే పల్లెలో వాళ్ళు నవ్వారు. "పాట ఒకటేగా, రెండెట్టా ఉంటయ్యి?" అన్నారు. ఊళ్ళో మందులిచ్చే ఆర్ఎంపీ దగ్గు మందు సీసా ఇచ్చాడు.

ఏప్రిల్ పోయింది. మే ఎండల్లో మిరప షెడ్డులో పని ఇంకా ఎక్కువైంది. ఖుర్షిదా రోజూ కొట్టు తెరిచాక ముందు ఆ మూడు క్షణాల ముక్క వినేది. ఫైలులో చప్పుడు పెరగదని ఆమెకి తెలుసు. రోజు రోజుకీ అది పెరుగుతున్నట్టే వినిపించేది. శ్రీకృష్ణ ఒకసారి చూసి, "వద్దక్కా, ఇట్టా వింటా కూచుంటే పిచ్చెక్కిద్ది" అన్నాడు.

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు, పత్తి విత్తనాల కోసం చెంచురామయ్య కొట్టు ముందు రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళని తోసుకుంటూ ఆదాం వచ్చాడు, వెనక రాఘవమ్మ. ఆమె మనిషి సగమైంది. ఎముకల మీద రవిక వేలాడుతోంది. నడిచి వచ్చినందుకు గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది.

"నిన్న చర్చిలో పాట మధ్యలో ఆపేసింది" అన్నాడు ఆదాం. "గొంతు కాదు, నీ మాట పట్టుకుని భయం పెట్టుకుంది. ఇదిగో, నీ ముందే పాడిద్ది. ఇని, ఏం లేదని నీ నోటితో చెప్పు. అప్పుడైనా దాని భయం పోయిద్ది."

బొంతల గదిలోకి వెళ్ళారు. ఖుర్షిదా, శ్రీకృష్ణ, వాళ్ళిద్దరూ. ఆదాం నడుముకున్న సంచిలోంచి చిడతలు తీశాడు. ఖుర్షిదా తలుపు వేసి, ఒక్క క్షణం ఆలోచించింది. మైకు పెట్టలేదు. కంప్యూటరు ఆన్ చెయ్యలేదు.

"అన్నా, ఒక్క పాటకి చిడతలు కింద పెట్టు."

"తాళం లేకుండా పాటేంది?"

"ఒక్క చరణమే."

అతను విసుగ్గా వాటిని స్టూలు మీద పెట్టాడు. రాఘవమ్మ గొంతు సవరించుకుంది.

*నల్లరేగడి చేలోన నా గాజు పోయెనే...*

గొంతు అదే. సన్నబడినా అదే గొంతు. బొంతల గదిలో ఆ గొంతు తప్ప ఇంకేమీ లేదు. చరణం ముగిసింది. అలవాటుగా ఆదాం రెండు చేతులూ లేచాయి, ఖాళీ చేతులు, చిడతలు మోగాల్సిన చోటికి. అప్పుడు ఆ నిశ్శబ్దంలో రాఘవమ్మ ఊపిరి తీసుకుంది.

అది ఇప్పుడు దారంలా లేదు. ఇరుకు సందులోంచి గాలి దూరినట్టు, గీరుతూ, ఈల వేస్తూ, గదిలో ఉన్న నలుగురికీ వినపడింది.

ఆదాం చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి. రాఘవమ్మ రెండో చరణం ఎత్తుకోబోయి, భర్త ముఖం చూసి ఆగిపోయింది.

"ఏందయ్యా?" అంది. "ఏం వినపడింది?"

అతను స్టూలు మీది చిడతల వైపు చూశాడు. ఇన్నేళ్ళూ తను తాళం వేసిన ప్రతిచోటా ఆమె ఊపిరి తీసుకుంది. ఆమెకి సందు దొరకాలనే అతను అక్కడ గట్టిగా వేసేవాడు. అతనికి అది అప్పుడు అర్థమైందని ఖుర్షిదాకి తెలిసింది. ఆమె ముఖం తిప్పుకుంది.

గఫూర్ టెంపోలో ఆ పూటే గుంటూరు పెద్దాసుపత్రికి పోయారు. మూడో రోజు గొట్టం వేసి చూశారు. గాలి గొట్టంలో గడ్డ. ఊపిరి పోయే దారి మూడు వంతులు మూసుకుపోయింది. మిరప దుమ్ము వల్లేనా అని శ్రీకృష్ణ అడిగితే, అందువల్లేనని కచ్చితంగా చెప్పలేమంది డాక్టరమ్మ.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈ చప్పుడు?"

రాఘవమ్మ తెలియదంది. ఆదాం నేల చూశాడు.

"జనవరి ఇరవయ్యారు నించి ఉందండీ" అంది ఖుర్షిదా. "అంతకు ముందు సంగతి తెలియదు."

డాక్టరమ్మ తలెత్తింది. "తేదీ ఎట్లా తెలుసు?"

"పాటలో ఉందండీ."

ఆవిడకి అర్థం కాలేదు. వివరంగా అడిగే తీరికా ఆవిడకి లేదు. "అప్పుడే వచ్చుంటే గొంతు దక్కేదేమో. ఇప్పుడు ప్రాణం చూసుకుందాం" అని రాసుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ ఐదు నెలల్లో ఆరు వారాలు తనవి. ఖుర్షిదా ఆసుపత్రి వరండాలో కూర్చుని వాటిని ఒక్కొక్క వారంగా తలుచుకుంది. పందెంలో ఓడినందుకు, చెంచురామయ్య నవ్వినందుకు, మళ్ళీ నవ్వులపాలు కాకూడదని నోరు మూసుకున్న వారాలు.

రాఘవమ్మ బతికింది. మెడకి రంధ్రం పెట్టారు, పాటకి కావలసిన గొంతు పోయింది. ఆరు నెలల తర్వాత రంధ్రం మీద వేలు పెట్టుకుని గరగరమనే గుసగుసతో నాలుగు మాటలు అనగలిగేది. షెడ్డుకి పోవడం మానేసింది. ఆదాం చర్చిలో వేరే వాళ్ళ పాటలకి చిడతలు వేస్తూనే ఉన్నాడు. కానీ చరణం చివర చెయ్యి తేలిపోయేది. అందుకు పాడేవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఖుర్షిదా ఒకనాడు రెండు వేల ఒకటి నాటి టేపు బయటికి తీసింది. ఆఖరి పాట వరకూ విన్నది. ఆఖరి పాటలో, ఒకే ఒక్క చోట, చిడతల కింద ఏదో ఉన్నట్టుంది. ఉందో లేదో. మళ్ళీ తిప్పితే లేదు. ఇంకోసారి తిప్పితే ఉంది. నాణెం ఎగరేయమని ఆమె గఫూర్‌ని అడగలేదు. టేపు పెట్టెలో పెట్టి మూత వేసింది.

ఒక మధ్యాహ్నం రాఘవమ్మే కొట్టుకి వచ్చింది. మెడకి గుడ్డ చుట్టుకుని ఉంది. వేలు పెట్టుకుని అడిగింది.

"రెండున్నయ్యంటగా. ఈల ఉన్నది, లేంది."

"ఉన్నయ్యక్కా."

"లేందే అందరికీ ఇయ్యి. అది బాగుంది."

ఖుర్షిదా సరేనంది. అడిగిన వాళ్ళకి ఆ సీడీయే ఇచ్చింది. క్యాసెట్లు ఆగిపోయాయి, సీడీలు కూడా తగ్గాయి, సెల్‌ఫోను కార్డుల్లో పాటలు ఎక్కించే రోజులు వచ్చాయి. ఆ కార్డుల్లోకి కూడా శుభ్రమైన పాటే ఎక్కించింది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు ఆదివారాలు వచ్చి రాఘవమ్మ పాటలు ఎక్కించుకునేవాళ్ళు. పాట వినిపించి చూసేటప్పుడు ఖుర్షిదా వాళ్ళతో మాట్లాడేది కాదు. వాళ్ళు కౌంటరు మీదికి వంగి నిలబడితే ఊపిరి దగ్గరగా వచ్చేది. ఒకరిద్దరితో, "అమ్మా, ఒకసారి గుంటూరు పోయి చూపించుకో" అని చెప్పింది. ఒకామె వెళ్ళింది, ఏమీ లేదని తిరిగొచ్చి నాలుగు మాటలు తిట్టింది. ఇంకొకామె మళ్ళీ కొట్టుకి రాలేదు. ఆమె సంగతి ఏమైందో తెలియలేదు.

రెండు వేల ఎనిమిది ఏప్రిల్‌లో గడ్డ తిరగబెట్టి రాఘవమ్మ చనిపోయింది. ఆ పొద్దున ఆదాం బజారుకి వచ్చాడు. కొట్టు ముందు నిలబడి, లోపలికి రాకుండానే అడిగాడు.

"సాగనంపటానికి పాటలు కావాలమ్మా. అందరి దగ్గరా ఉండేది కాదు. ఊపిరున్నది ఇయ్యి."

ఖుర్షిదా అసలు ఫైలు సీడీకి ఎక్కించి ఇచ్చింది. శ్రీకృష్ణతో కలిసి తనూ వెళ్ళింది.

ఆటో మీద కట్టిన గొట్టం మైకులోంచి రాఘవమ్మ పాడుతుంటే పెట్టెని మోసుకుంటూ చేల మధ్య దారిలో సమాధుల తోటకి నడిచారు. ఎండ మండిపోతోంది. చరణం ముగిసిన ప్రతిసారీ చిడతలు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు మోగుతున్నాయి. ఖుర్షిదా చెవి ఒగ్గి వింటోంది.

"అక్కా, ఇది ఏ కాపీ?" అని మెల్లగా అడిగాడు శ్రీకృష్ణ.

"ఊపిరున్నదే."

"నాకేం వినపడట్లా."

"నాక్కూడా" అంది ఖుర్షిదా.

వెనక తొడిమల షెడ్డు ఆడవాళ్ళు ముప్ఫై మంది దాకా నడుస్తున్నారు. దుమ్ములో దగ్గుతున్నారు. ఖుర్షిదా అడుగు నెమ్మది చేసి, ముందున్న వాళ్ళని పోనిచ్చి, ఆ గుంపులో కలిసింది. తల వంచుకుని, ఒక్కొక్కరి పక్కన నాలుగు అడుగులు, మళ్ళీ ఇంకొకరి పక్కన నాలుగు అడుగులు, తోట వచ్చేదాకా అట్లాగే నడిచింది.